మొదటి బుధవారం, మంచినీళ్లు

పదకొండింటికి వేడినీళ్ల తొట్టిలో పెట్టింది కాబట్టి పన్నెండింటికి తీయాలి, ఇరవై నాలుగు గాజు గొట్టాలు, తొంభై అయిదు డిగ్రీల నీళ్లు, సరిగ్గా ఒక గంట, అంతకు నిమిషం ఎక్కువైనా తక్కువైనా వారం రోజుల పని బూడిదలో పోసినట్టే. మూత సరిగా పడిందో లేదోనని రెండోసారి నొక్కి చూసి, ప్రయోగశాల గోడ గడియారం వైపు తలెత్తాకగానీ క్వెతాకి తను చేసిన పని తలకెక్కలేదు. ఇవాళ బుధవారం, మార్చి నెల మొదటి బుధవారం. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే హ్రాడెట్స్ ఊళ్లో సైరన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి, పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి, నెలనెలా, రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ఎవరూ తలెత్తి చూడరు, ట్రాలీబస్సులో ముసలమ్మలు కబుర్లు ఆపరు, బళ్లో పిల్లలు లెక్కలు చేసుకుంటూనే ఉంటారు, పావురాలు మాత్రం లేచి ఓసారి తిరిగి మళ్లీ అక్కడే వాలతాయి. క్వెతా మాత్రం ఆ రెండు నిమిషాల ఇరవై సెకన్లూ ఫోన్లో ఉండాలి. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా ఇంటికి ఫోన్ చేయాలి, మొగుడు రాడిమ్ ఫోన్ తీసుకుని కిటికీ లేని స్నానాలగదిలోకి వెళ్లి తొట్టి అంచున కూర్చోవాలి, సైరన్ ఆగేదాకా ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి, బంగాళాదుంపల గురించో, కింది ఇంటావిడ కుక్క గురించో, ఏదైనా సరే. ఈ పరీక్షలు మొదలైన నాటి నుంచీ ఇదే పద్ధతి, ఒక్కసారి తప్పింది, ఆమెకి పిత్తాశయం ఆపరేషన్ అయిన నెలలో, అప్పుడు కింది ఇంటావిడ తలుపు తీయించి చూస్తే మనిషి బట్టలతోనే ఖాళీ తొట్టిలో పడుకుని తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని ఉన్నాడట. మొదటి బుధవారం పదకొండింటికి గొట్టాలు పెట్టకూడదని ఆమె చేతులకే తెలుసు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇవాళ ఆ చేతులు మరిచిపోయాయి, పొద్దుటి నుంచీ అవి ఆమె మాట వినడం లేదు.

తొట్టిలో ఉడుకుతున్నది మెదడు. అలా అంటే స్కాలా మొహం చిట్లిస్తాడు, నమూనా అనండి క్వెతాగారూ అంటాడు, ఆమె కళ్లముందు పుట్టినవాడు కాకపోయినా ఆమె కళ్లముందే చదువు ముగించినవాడు, ఇప్పుడు ఈ విభాగానికి పెద్ద, మంచి కుర్రాడే. నమూనా అంటే ఎలుక మెదడు మెత్తగా నూరి వడగట్టిన రసం. మెదడులో నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వే, ఆ కొవ్వుకి ఆక్సిజన్ తగిలి చెడిపోతుంది, గూట్లో మరిచిపోయిన నూనె కంపు పట్టినట్టు, ఎంత చెడితే ఈ వేడినీళ్లలో అంత గులాబీ రంగు తేలుతుంది. పుస్తకాల్లో ఆక్సీకరణ ఒత్తిడి అని రాస్తారు, క్వెతా ముప్ఫై అయిదేళ్లుగా దాన్ని గులాబీ అనే అంటుంది. ఇన్నేళ్లూ ఎలుకలకి ముందు నరాల విషం ఇచ్చేవాళ్లు, తర్వాత విరుగుడు ఇచ్చేవాళ్లు, ఎన్ని బతికాయి, బతికినవాటి మెదళ్లు ఎంత కుదుటపడ్డాయి అని చూసేవాళ్లు. ఈ శీతాకాలం స్కాలా ఇంకో ప్రశ్న వేశాడు, ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తోచలేదో అనిపించేంత చిన్న ప్రశ్న, అసలు విషమే తగలని ఒంట్లోకి ఉత్త విరుగుడు వెళ్తే? పన్నెండు ఎలుకలకి ఉప్పునీళ్లు, ఇంకో పన్నెండింటికి విరుగుడు, ఏది దేనికో రాసిన కాగితం కవరులో పెట్టి అంటించి స్కాలా తన సొరుగులో పెట్టుకున్నాడు, క్వెతా దగ్గర ఉన్నవి నంబర్లే. చూసేవాళ్లకి తెలియకూడదు, తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది, అదీ రూలు. కానీ పోయిన గురువారం సూదులు పొడిచాక ఆ గంటసేపూ బోనుల ముందు కూర్చున్నది ఆమే కదా. కొన్ని ఎలుకలు రంపపు పొట్టులో ముడుచుకుని నిద్రపోయాయి. కొన్ని నీటి గొట్టం దగ్గరికి వెళ్లి నాకాయి, తిరిగొచ్చాయి, మళ్లీ వెళ్లాయి, ముందు కాళ్లతో మూతి తుడుచుకున్నాయి, మళ్లీ వెళ్లాయి. మూడో నంబరు ఎలుక, నాలుగు, ఎనిమిది, పదకొండు... ఆమె లెక్కపెట్టాలనుకోలేదు, కళ్లు లెక్కపెట్టేశాయి. గురువారం నాడు అది పెద్ద విషయంగా తోచలేదు.

పొద్దున ఆరున్నరకి రాడిమ్ బల్ల దగ్గర కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు, రాస్తున్నది రొట్టెకో బల్లకో తెలియకుండా చెయ్యి వణుకుతోంది, ఆమె చూడనట్టు నటిస్తోంది, చూడనట్టు నటిస్తోందని అతనికి తెలుసు, ఇద్దరూ అలవాటు పడ్డారు. రెండేళ్ల నుంచి చిన్న మాటలు పోతున్నాయి అతనికి, చెంచాని ‘అదే, తిప్పేది’ అంటాడు, తనతో సైన్యంలో ఉన్న లుమీర్ పేరు మరిచిపోయి ‘తేనెటీగలవాడు’ అంటాడు, మనిషి మాత్రం ఉన్నాడు, నవ్వు ఉంది, బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పిన ఆ చేతుల్లో జ్ఞాపకం ఇంకా ఉంది. రొట్టె కొరికాడు, నమలలేక ఆగాడు. “మంచినీళ్లియ్యవోయ్. నాలుక అంగిటికి అతుక్కుపోయింది, ఆ రోజులాగే. ఉమ్మేద్దామన్నా నోట్లో చుక్క లేదు” అన్నాడు. “ఏ రోజు?” అంది, కుళాయి తిప్పుతూ, ఊరికే, మాటకి మాటగా. “అదే, సైరన్ రోజు. మూడోది కూడా పొడుచుకున్నాక.” కుళాయి కింద గ్లాసు నిండి పొర్లింది. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి రాడిమ్ ఆమెనే చూస్తున్నాడు, మొహంలో ఏదో ఒకటి వచ్చి వెళ్లిపోయింది, నేలమీద పడబోయే గిన్నెని పట్టుకోబోయినవాడి మొహం. వెంటనే కిటికీలోంచి చూస్తూ ఇవాళ లాబే నది ఒడ్డున మంచు బాగా పట్టింది అన్నాడు. ఆమె నీళ్లు ముందు పెట్టి, కోటు వేసుకుని, ట్రాలీబస్సులో ఖాళీ సీట్లున్నా నిలబడే వచ్చింది.

చుక్క లేదు. నోట్లో చుక్క లేదు అన్నాడు.

చేరిన మొదటి వారంలో ఏ పిల్లకైనా ఇక్కడ నేర్పే పాఠం అది. విషమైతే తడి, విరుగుడైతే పొడి. నరాల విషం తగిలినవాడికి ముక్కు కారుతుంది, కళ్ల నీళ్లు కారతాయి, నోట్లో ఊట ఊరి గొంతులోకి దిగి ఊపిరాడదు, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొన అంత అయిపోయి పట్టపగలే చీకటి పడుతుంది. విరుగుడు దీనికి సరిగ్గా ఉల్టా, అందుకే అది విరుగుడు, ఊటలన్నీ ఎండగడుతుంది, కంటిపాపని విప్పుతుంది, గుండెని పరిగెత్తిస్తుంది. విషం తగిలినవాడికి రెండూ కలిసి సరికి సరి అవుతాయి. విషం తగలనివాడికి? వాడికి నోరెండుతుంది, గుండె దడదడలాడుతుంది, కళ్లు మసకేస్తాయి, భయం వేస్తుంది, ఇదేదో అయిపోతోంది నాకు అనిపిస్తుంది, అది విషమే అనుకుంటాడు, ఇంకోటి పొడుచుకుంటాడు, దాంతో ఇంకా ఎండుతుంది, మూడోది పొడుచుకుంటాడు. ఈ రోగాన్ని ఈ మందుకి దగ్గరగా బతికేవాళ్లు తప్ప ఇంకెవరూ తెచ్చుకోలేరు. తడిగా ఉంటే పొడుచుకో, పొడిగా ఉంటే ఆపు, ఈ రెండు మాటలు చాలు, పసిపిల్లాడికి కూడా అర్థమవుతాయి, ఆమె ఎందుకు చెప్పలేదు?

చెప్పిన మాట ఇంకొకటి. డిసెంబరు నెల, తొంభయ్యో సంవత్సరం, అద్దె గది వంటింట్లో నెలవంక ఆకారం వెనిల్లా బిస్కట్లకి వేడి మీదే పంచదార పొడి అద్దుతోంది, వేళ్లు కాలుతున్నాయి, పెళ్లయి ఆర్నెల్లు, ఎడారి యుద్ధానికి వెళ్లే రసాయన రక్షణ దళంలో పేరిచ్చి వచ్చాడు రాడిమ్, ఇంకో నాలుగు రోజుల్లో విమానం. ఆమెకి ఇరవై మూడేళ్లు, ఇదే మేడలో కింది అంతస్తులో కొత్తగా చేరిన టెక్నీషియన్, సైనికులు తొడలో తామే పొడుచుకునే విరుగుడు సూది పెన్నులు సరిగా విచ్చుకుంటున్నాయో లేదో పరీక్షించే పని, రోజుకి నూరు, కాబట్టి ఆ ఇంట్లో యుద్ధం గురించి అన్నీ తెలిసినది తనే అనుకునేది. రాడిమ్ ఒక బిస్కట్ నోట్లో వేసుకుని, “అనుమానమొస్తే ఏం చెయ్యాలి? ఊరికే పొడుచుకుంటే ఏమన్నా అవుతుందా?” అని అడిగాడు. “పొడుచుకో. ఆలోచిస్తూ కూర్చోకు. తగ్గకపోతే పది నిమిషాలాగి ఇంకోటి. ఒంట్లో బాగున్నవాడికి దాంతో ఏమీ కాదు” అంది. ఏమీ కాదు. పంచదార వేళ్లతో అతని ముక్కు మీద గీత కూడా గీసింది. తడీ పొడీ అంతా చెప్తే కంగారు పడతాడనుకుంది, సందేహిస్తాడనుకుంది, సందేహించి ఆలస్యం చేసి చస్తాడని భయపడింది, ప్రేమే అది, ప్రేమ కాదని ఎవరన్నా అంటే ఈ వయసులో కూడా చెంప పగలగొడుతుంది. కానీ తెలిసినదాంట్లో సగమే చెప్పింది.

పదకొండూ ఇరవై అయిదు. తలుపు తోసుకుని స్కాలా వచ్చాడు, చేతిలో రెండు కాఫీలు, ఒకటి ఆమె ముందు పెట్టాడు.

“ఏంటి క్వెతాగారూ, ఇవాళ బుధవారం కదా? పన్నెండింటికి తీసేలా పెట్టారేంటి? మీ రాడిమ్‌గారితో విడాకులా?”

“వయసు మీద పడిందండీ. మరిచిపోయాను.”

“మీరా? పోయినేడాది నేను తారీఖు తప్పు వేస్తే వారం రోజులు ఏడిపించిన మనిషా? సరే, నేను తీస్తాను లెండి, మీరు వెళ్లి ఫోన్ చేసుకోండి.”

“వద్దు. మీరు ఐసులో పెట్టేటప్పుడు ఒలకబోస్తారు. నాకు భుజం ఉంది, ఫోను అక్కడ నొక్కుకుంటాను.” తర్వాత, తను అడగబోతోందని తనకే తెలియకుండా, “డాక్టరుగారూ, ఇవి గులాబీ అయితే ఏం రాస్తారు?” అంది.

“ఎలుకల్లో, ఒక గంటకి, ఇంత డోసుకి, ఇంత పెరిగింది అని రాస్తాను. అంతకుమించి రాస్తే మీరే కొట్టేస్తారు కదా! ఎలుక గంట వేరు, మనిషి జీవితం వేరు.” కాఫీ ఊదుకుంటూ నవ్వి వెళ్లిపోయాడు. మంచి కుర్రాడు, నిజమే చెప్పాడు, ఆ వణుకు ఎందుకొచ్చిందో, ఆ మాటలు ఎందుకు పోతున్నాయో ఈ తొట్టి ఎన్నటికీ చెప్పదు, అరవై దగ్గరపడిన మగవాళ్లు ఎడారి చూడకపోయినా వణుకుతారు. ఆమెకి కావలసింది కూడా అది కాదు. ఆమె అన్నది రెండే మాటలు, ఏమీ కాదు, ఆ రెండు మాటలూ నిజమో కాదో, అంతవరకే ఆమె ప్రశ్న.

రాడిమ్ చెప్పే కథ ఊళ్లో అందరికీ తెలుసు. జనవరిలో ఒక రాత్రి కాదు, పగలే, ఎండలో, గుడారాల మధ్య సైరన్ మోగింది, అందరూ మాస్కులు తగిలించుకున్నారు, రాడిమ్‌కి మాస్కు పట్టీ చిక్కుపడి నాలుగు సెకన్లు ఆలస్యమయింది, ఆ నాలుగు సెకన్లలో తగిలింది. “ముందు ముక్కు కారింది, తర్వాత కళ్లు, తర్వాత నోట్లో ఊట, మాస్కు నిండిపోయింది రా, చేపపిల్లని వేస్తే ఈదేది, తర్వాత గుండెల మీద ఏనుగు కూర్చున్నట్టు” అని బీరు గ్లాసు ముందు చెప్పేవాడు, అందరూ నవ్వేవారు. పక్క మంచం లుమీర్ మాత్రం, ఇప్పుడు పల్లెలో తేనెటీగలు పెంచుకుంటున్నాడు, వెక్కిరించేవాడు. “ఏరా, గాలి నీ ఒక్కడి అడ్రసే వెతుక్కుంటూ వచ్చిందా? నీ పక్కనే ఉన్నాను, నా మాస్కులో ముందురోజు తిన్న వెల్లుల్లి వాసన తప్ప ఏమీ లేదే!” రాడిమ్ కోపం తెచ్చుకోకుండా, “నువ్వు పుట్టుకతోనే విషానివి, నీకేం అవుతుంది” అనేవాడు. డాక్టర్లకి అదే వరుసలో చెప్పాడు, సైన్యం కమిటీవాళ్లకి అదే వరుసలో చెప్పాడు, ముక్కు, కళ్లు, నోరు, రొమ్ము. వాళ్లు కాగితం మీద అనుమానిత విషప్రభావం అని రాసుకున్నారు. పక్కన కూర్చున్న క్వెతా, లక్షణాలన్నీ అచ్చు పాఠంలో ఉన్నట్టే ఉన్నాయండీ అని తన సాక్ష్యం కూడా కలిపింది, గర్వంగా, చదువుకున్న పెళ్లాంలాగా.

అచ్చు పాఠంలో ఉన్నట్టే. ముక్కు, కళ్లు, నోరు, రొమ్ము. కాఫీ కప్పు బల్లమీద పెట్టేసింది. దెబ్బ తగిలినవాడు ఎవడైనా పాఠం వరుసలో చెప్తాడా? ఎక్కడ ఎక్కువ భయమేసిందో అక్కడ మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి, ముందుకొచ్చి, మరిచిపోయి మళ్లీ చెప్తాడు కదా! ఆ వరుస ఆమెది. ఆమె రాత పుస్తకంలో, గోధుమరంగు అట్ట వేసిన పుస్తకంలో, నలభై రెండో పేజీలో ఎర్ర పెన్సిలుతో గీసిన వరుస. వసంతంలో అతను తిరిగొచ్చాక పరీక్ష కోసం ఆ పుస్తకం ఇల్లంతా వెతికింది, చివరికి అతని దిండు కింద దొరికింది. “నీ చదువేంటో చూద్దామని తీశానోయ్, అన్నీ బల్లుల పేర్లలా ఉన్నాయి” అన్నాడు. ఆమెకి ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది, మొగుడు తన పని మీద మనసు పెట్టాడని, కింది అంతస్తులో అందరికీ చెప్పుకుంది. ఆ పేజీ ఎదురుగా నలభై మూడో పేజీ. దాంట్లో ఎర్ర పెన్సిలు గీత కింద, విరుగుడు ఎక్కువైతే, నోరు ఎండుట, చూపు మసకబారుట, గుండెదడ, లేనివి ఉన్నట్టు కనబడుట. రెండు పేజీలూ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఒకటి చదివినవాడు రెండోది చూడకుండా ఉండలేడు.

లేనివి ఉన్నట్టు కనబడుట. ఇసుకలో స్నానాల తొట్టి, తొట్టిలో చేప. క్రిస్మస్ పండక్కి వండేదాకా ఇంట్లో తొట్టిలో వదులుతారే, ఆ చేప, అది తిరుగుతోంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, వెళ్లి తాగబోయాను అని ఒక్కసారే చెప్పాడు, జ్వరంలో, తెల్లారాక నేనలా అనలేదే అన్నాడు. ఆ తర్వాత ఏ క్రిస్మస్‌కీ ఇంట్లోకి బతికిన చేపని రానివ్వలేదు, కోసిన ముక్కలే కొనుక్కొచ్చేవాడు, మొదటి రెండేళ్లు అతని తల్లి పండగ పాడుచేస్తున్నాడని సణిగేది, క్వెతా కూడా సణిగింది. దాహం అది. ఆ శిబిరంలో అయిదు వేల మంది మధ్యలో, మాస్కు లోపల, నాలుక ఎండి, కళ్లు మసకేసి, గుండె పగిలిపోతుంటే, మా ఆవిడ చెప్పింది, పది నిమిషాలాగి ఇంకోటి, ఏమీ కాదు, మా ఆవిడకి తెలుసు అనుకుంటూ మూడోది తొడలోకి దింపుకున్న కుర్రాడు. ఆ ఎడారిలో అతని పక్కన ఆమె ఉంది, అతని చెయ్యి పట్టుకుని సూది పొడిచింది ఆమే. ముప్ఫై అయిదేళ్లలో ఎన్నోసార్లు నిద్రలో ఉలిక్కిపడి లేస్తే పక్కలోంచి మంచినీళ్లు అందించింది, కల వచ్చిందా, ఆ విషపు గాలేనా అని అడిగింది, అవును అదే అన్నాడు.

ఎందుకు? ఎందుకు చెప్పలేదు? ఇంతకాలం ఇదొక్కటీ దాచి ఎలా బతికాడు? తప్పు నీదే అని ఒక్క తిట్టు, తాగి వచ్చిన ఏ రాత్రయినా, దెబ్బలాడుకున్న ఏ రోజయినా, కొడుకు పుట్టి పోయిన ఏడాదిలో ఇద్దరూ ఒకరినొకరు ఎన్ని మాటలన్నారు, ఆ ఒక్క మాట రాలేదే! పదకొండూ నలభై రెండు. తొట్టి బుడబుడమంటోంది. రైలు స్టేషను, మూడో ప్లాట్‌ఫారం, ఏప్రిల్, సంచి భుజాన వేసుకుని దిగాడు, నల్లబడ్డాడు, సగమయ్యాడు, ఆమె పరిగెత్తి మెడ చుట్టేసుకుంది. అతను ఆమె భుజాలు పట్టుకుని కొంచెం దూరం జరిపి మొహంలోకి చూశాడు, “క్వెతా, ఒకటి అడగాలి నిన్ను. సైరన్ మోగినప్పుడు నేను మూడు పొడుచుకున్నాను...” అన్నాడు. ఆమె పూర్తి కానివ్వలేదు. “చూశావా! నేను చెప్పలేదూ! అవే నిన్ను కాపాడాయి!” అంది, ఏడుస్తూ, నవ్వుతూ, అందరూ వినేలా. రాడిమ్ చాలాసేపు చూశాడు. అప్పుడా చూపు అలసట అనుకుంది. తర్వాత, “అవునవును. అవే కాపాడాయి” అన్నాడు. ఏం అడగాలనుకున్నాడో అడగలేదు, ఆమె తిరిగి అడగలేదు, ఇంటికెళ్లి ఆమె పుస్తకం తీసి చదువుకుని, ఆమె సంతోషానికి సరిపోయే కథ ఒకటి తయారుచేసుకుని, అది ఒంట్లో పట్టేదాకా చెప్పుకుంటూ పోయాడు. ఊళ్లో వాళ్లందరితో పాటు లుమీర్ వెక్కిరింత కూడా భరించాడు. భగవంతుడా, మనిషిని ఇలా కూడా ప్రేమిస్తారా? ఆమెకి సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది, నన్ను అడక్కుండా నా తప్పు నువ్వెలా మోస్తావ్, ఎవడు మోయమన్నాడు?

చెప్పాలి. ఇవాళే చెప్పాలి, ఇంకా చిన్న మాటలే పోతున్నాయి, పెద్దవి పోయేలోపు చెప్పాలి, రాడిమ్, నాకు తెలిసింది, ఎండింది కదా నోరు, అది నా మాట, నేను సగమే చెప్పాను, క్షమించు అని. ఫోన్లో కాదు, ఇంటికెళ్లి, చెయ్యి పట్టుకుని. కాదు, ఫోన్లోనే, సైరన్ మోగుతుండగానే, మొహం చూస్తే నోరు పెగలదు. ముప్ఫై అయిదేళ్లు మోసినవాడి భుజం మీంచి దింపాలి, అది న్యాయం. పదకొండూ యాభై నాలుగు. ఐసు పళ్లెం తొట్టి పక్కకి జరిపింది, చేతి తొడుగులు వేసుకుంది, ఫోన్ నొక్కి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. ఒక్కసారి మోగగానే ఎత్తాడు, స్నానాలగదిలో గొంతు ఖంగుమంది, అంటే అప్పటికే తొట్టి అంచున కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

“నేనే చేద్దామనుకుంటున్నానోయ్.”

“చేస్తున్నా కదా, ఎప్పుడైనా మానానా?”

“క్వెతా” అన్నాడు. “పొద్దున నేనేమన్నా వాగానా?”

ఆమె నోరు తెరిచింది. ఇదే సమయం, మాట నాలుక చివర ఉంది, అతనే తలుపు తీశాడు. కానీ ఆ గొంతు. ఇంటి దీపాలన్నీ ఆర్పుకుంటూ వచ్చి చివరిదొక్కటి చేతులు అడ్డుపెట్టి కాపాడుకుంటున్నవాడి గొంతు. చెంచా పోయింది, లుమీర్ పేరు పోయింది, ఇది మాత్రం పోకుండా పొద్దుటి నుంచీ ఒంటరిగా కూర్చుని, జారిపోయిందా, ఆమె చెవిన పడిందా అని బెంగపడ్డాడు. దీన్ని ఇప్పుడు తను లాక్కుంటే అతని దగ్గర ఏం మిగులుతుంది? దింపితే తేలికపడేది అతని భుజమా, తన గుండెనా?

“మంచినీళ్లు అడిగావు” అంది.

“అంతేనా?”

“అంతే. తర్వాత మంచు గురించి ఏదో అన్నావు.”

“హమ్మయ్య.” అన్నాక తొందరగా సర్దుకుని, “అంటే, ఏదో కల కలగాపులగంగా...” అంటుండగా పన్నెండయింది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి, ఊరంతా ఒకే గొంతుతో మొదలుపెట్టింది, అదే ఊళ అవతల ఫోన్లోంచి కూడా, ఒక క్షణం ఆలస్యంగా. తొట్టి గంట కూడా కొట్టింది. ఆమె మూత ఎత్తింది, ఆవిరి మొహానికి కొట్టింది.

“క్వెతా! ఉన్నావా?”

“ఉన్నాను, ఇక్కడే ఉన్నాను, మాట్లాడు.”

“నీకు తెలుసుగా ఆ రోజు ఏమయిందో. ముందు ముక్కు కారింది.” గొంతు పెంచి చెప్తున్నాడు, సైరన్ మీదుగా, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. “తర్వాత కళ్లు. ముక్కు, కళ్లు... తర్వాత... తర్వాత ఏంటోయ్? ముక్కు, కళ్లు...”

ఆమె గొట్టాల చట్రాన్ని రెండు చేతులా పట్టి ఆవిరిలోంచి పైకెత్తింది. రంగు వచ్చింది. కొన్నింట్లో పలచగా, కడిగిన గులాబీ రేకులా, ఉప్పునీళ్లు ఎక్కినవాటికైనా ఉండే రంగే అది, బతికిన మెదడు ఏదైనా కొంచెం చెడుతూనే ఉంటుంది. మూడు, నాలుగు, ఎనిమిది, పదకొండు, వాటిలో అంతకంటే చిక్కగా. చాలా ఎక్కువేం కాదు, యంత్రం తప్ప ఇంకెవరూ ఒప్పుకోనంత, ముప్ఫై అయిదేళ్ల కన్ను తప్ప ఇంకెవరూ చూడలేనంత. ఏమీ కాకపోవడం మాత్రం కాదు.

“క్వెతా, తర్వాత ఏంటి?” భయం మొదలవుతోంది గొంతులో. “ముక్కు, కళ్లు...”

“నోరు, రాడిమ్. నోట్లో ఊట.”

“ఆఁ! ఊట. ఊటే. మాస్కు నిండిపోయింది.”

“చేపపిల్లని వేస్తే ఈదేది.”

“ఈదేది!” నవ్వాడు. “తర్వాత రొమ్ము మీద ఏనుగు.”

“ఏనుగు” అంది ఆమె, గొట్టాలు ఐసులో దించుతూ, ఒక్క చుక్క ఒలకనివ్వకుండా. చెంపల మీంచి కారుతున్నది ఆవిరేనని స్కాలా తలుపులోంచి చూస్తే అనుకుంటాడు. సైరన్ కిందికి దిగింది, దిగి, మూలిగి, ఆగింది. పావురాలు వాలాయి. మంచినీళ్ల గ్లాసు ఖాళీ చేశాను, ఇంకోటి తాగుతాను అన్నాడు రాడిమ్, సరే తాగు, సాయంత్రం బంగాళాదుంపలు తెస్తాను అంది, ఫోన్ పెట్టేశారు.

స్కాలా నిజంగానే తలుపులో నిలబడి ఉన్నాడు. “రంగొచ్చిందా?”

“వచ్చింది.” తొడుగులు విప్పి, చట్రాన్ని అతని వైపు తోసింది. “యంత్రంలో పెట్టి మీరే చూడండి, నేను చూడకూడదు. ఏవి ఏవో నాకు తెలుసు. పుస్తకంలో కూడా అలాగే రాయండి.”

“తెలుసా? కవరు నా సొరుగులోనే ఉందే! ఎలా తెలుసు?”

క్వెతా చల్లారిపోయిన కాఫీ చేతిలోకి తీసుకుంది.

“మంచినీళ్లు తాగాయండీ అవి” అంది. “ఆ గంటంతా తాగుతూనే ఉన్నాయి.”